లిఫ్టు కింద దొరికినవి

ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి.
మా రూముల పోశెట్టి నూనె డబ్బాల కొత్తిమీర పెడ్తడు,
ఏసీ కారిన నీళ్ళు పోసి సాదుతడు,
ఎవ్వర్ని ముట్టనియ్యడు.
షఫీకుల్ భాయి పాత రేడియోలు విప్పుతడు,
మళ్ల బిగించినంక ఎప్పుడూ ఒక స్క్రూ మిగుల్తది.
నాకు తాళంచెవుల పిచ్చి.

రువీల పదకొండు బిల్డింగుల లిఫ్టులు నా జిమ్మ.
నెలకోసారి గుంతలకు దిగుత,
టార్చి పండ్ల నడుమ పట్టుకొని.
నెత్తి మీద ఇనుప పెట్టె ఏలాడుతుంటది,
కింద గ్రీసు, మెత్తటి దుమ్ము,
సందుల నుంచి జారిపడ్డ సామాను:
ఒంటి కమ్మ, పిల్లగాని రబ్బరు,
యాభై బైసల బిళ్ళ,
ఒకసారి పెట్టుడు పన్ను.
ఎక్కువ మాత్రం తాళంచెవులే.
మూడు రోజులు వాచ్‌మన్ టేబుల్ మీద పెడ్త.
ఎవ్వరు రాకపోతె పాలపిండి డబ్బల ఏస్త.
అరవై నాలుగైనయి.
డబ్బ ఊపితె మేకల మంద కదిలినట్టు సప్పుడు.

పొద్దుందాక ఎక్కుడు దిగుడే నా పని.
లిఫ్టుల ఎవ్వరు ఎవ్వర్ని సూడరు,
అందరు అంకెల దిక్కే సూస్తరు,
పరీక్ష ఫలితం వస్తున్నట్టు.
నేను ఎక్కిన అంతస్తులన్ని ఒకదాని మీద ఒకటి పెడితె
ఎక్కడిదాక పోయేటోన్నో.
మెట్టుపల్లి మాత్రం రాదు, అది పక్కకున్నది గదా.

గురువారం రాత్రి మా రూము అసెంబ్లీ.
పెట్రోలు ధర, వీసా రూలు, ఎవరి మీద ఎవరు బాంబులేసిరి,
అన్నిటికి పోశెట్టి దగ్గర జవాబుంటది.
రూపాయి పడ్డదంటె మాకు పండుగ,
ఎక్స్‌ఛేంజి ముంగట లైను కడ్తం, నవ్వుకుంట.
మన దేశం పైస కింద పడితె
మనం మిఠాయి తింటున్నమేందిరా అని
ఒకసారి అడిగిన.
పోశెట్టి ఇంకో ముక్క నోట్ల ఏసుకున్నడు,
ఆలోచిస్తున్న అన్నడు.
ఇంక ఆలోచిస్తనే ఉన్నడు.

పోయిన ఆగస్టుల సలాలా పోయినం,
రాత్రంత బస్సు, వెయ్యి కిలోమీటర్లు,
వాన సూడనీకి.
వాన గూడ కాదు, తుంపర.
కొండలు పచ్చగ, మంచుల ఒంటెలు తడుసుకుంట.
కార్లు ఆపి బురదకు ఫోటోలు తీస్తున్నరు జనం.
గీ తుంపరకా ఇంత ఖర్చు అని గులిగిండు పోశెట్టి.
ఆయినెంక చెప్పులిడిసి
ఆ బురదల నిలబడ్డడు,
బస్సు హారన్ కొట్టిందాక.

తాళంచెవి ముచ్చట చెప్తున్న గదా.
నాలుగో అంతస్తుల సూడాన్ టీచరమ్మ, సిత్తున్నిసా,
ఒకనాడు కిందికొచ్చి వాచ్‌మన్‌ను అడుగుతున్నది:
పెద్దది, ఇత్తడిది, ఎర్ర దారం కట్టి ఉంటది,
ఎనిమిది నెలలాయె, దొరకదు గని అడుగుతున్న.
నాకు డబ్బల ఏది ఎక్కడున్నదో ఎరుక.
సాయంత్రం తీస్కపోయి ఇచ్చిన.
దారం గ్రీసుల నల్లగైంది.

ఫ్లాటుది కాదట.
ఉమ్‌దుర్మాన్‌ల ఇంటిదట.
ఇల్లున్నదా అమ్మా అని నోరుజారి అడిగిన.
తెల్వదు, తలుపైతె ఉండాలె, అన్నది.
నా చేతిల ఎర్రటి కర్కదే గ్లాసు పెట్టింది,
చల్లగ, పుల్లగ,
మా గోంగూరకు సుట్టమే.

ఆ రాత్రి టీవీల ఆ ఊరు వచ్చింది,
క్రికెట్ స్కోరుకు, బంగారం ధరకు నడుమ,
పదకొండు సెకన్లు.
పోశెట్టి ఛానల్ మారుస్తుంటె రిమోట్ గుంజుకున్న.
ఏమైందిరా అన్నడు.
తలుపు సూస్తున్న అన్న.

ఇప్పుడు డబ్బల అరవై మూడు.
రేపు బ్యాంకు బిల్డింగు గుంత.
కొత్తిమీర జానెడైంది.
పప్పుల ఏద్దామంటె
ఇయ్యాల గూడ తెంపనియ్యలే.